కోతుల మడుగు ఎండిన వేసవి

ఆ చలికాలం మా కొండమీద మంచు పడలేదు. ఒక్కరోజు పొద్దున మాత్రం పెరట్లో ఎవరో పిండి దులిపినట్టు కాస్త తెలుపు కనపడింది. కోళ్ళు దాన్ని తొక్కి తొక్కి మధ్యాహ్నానికల్లా బురద చేశాయి. మా అమ్మ యామ్నా వాకిట్లో నిలబడి కొండకేసి చూసి, "ఈ యేడు యేరు మనకు మొహం చాటేస్తుంది" అంది. మా అమ్మ మంచి మాట అంటే జరగడానికి ఏళ్ళు పట్టేది గానీ, ఇట్లాంటి మాట అంటే నెలలు చాలు.

ఊమ్లీల్ మా యేరు. యేరన్నమాటే గానీ, కాస్త పరుగెత్తుకొచ్చి దూకితే మేకపిల్ల కూడా దాటేది. అందులో చుక్కల చేప ఉండేది. పట్నం నుంచి గేలాలు భుజానేసుకుని వచ్చేవాళ్ళు దాన్ని ట్రౌట్ అనేవాళ్ళు. ఒళ్ళంతా ఎర్రచుక్కలు, పొట్ట వెన్నరంగు. చేతికి తగిలితే సబ్బుముక్కలా జారిపోతుంది. చల్లటి నీళ్ళు తప్ప దానికి పడవు. కాస్త వెచ్చబడితే చాలు, నోరు తెరుచుకుని పైకి తేలుతుంది.

ఆ చేపను కాయడమే మా నాన్న ఉద్యోగం. లహ్సెన్ అంటే ఆ లోయలో తెలియనివాడు లేడు. ఆకుపచ్చ టోపీ, దానిమీద ఇత్తడి బిళ్ళ. వసంతంలో గేలాలవాళ్ళు వస్తే వాళ్ళ కాగితాలు చూడాలి. చలికాలంలో చేప గుడ్లు పెట్టే వేళ యేట్లో ఎవడూ దిగకుండా చూడాలి. గేలంతో తప్ప చేపను పట్టకూడదని రూలు. వల నేరం, బుట్ట నేరం, చెయ్యి నేరం.

మా ఊరివాళ్ళేమో పుట్టిన దగ్గర్నుంచి చేత్తోనే పట్టేవాళ్ళు. వాళ్ళందరిలోకీ మా బాబాయి మిమూన్ చెయ్యి వేరు. ఆయన యేటి ఒడ్డున బోర్లా పడుకుని రాతికిందకి చెయ్యి పోనిచ్చాడంటే, చేప నిద్రలో ఉన్నట్టే పైకి వచ్చేది. పదకొండేళ్ళ కిందట, గుడ్ల కాలంలో, అట్లా పడుకుని ఉన్న బాబాయిని నాన్న పట్టుకున్నాడు. తమ్ముడే కదా, వదిలేస్తాడని ఊరంతా అనుకుంది. నాన్న కాగితం రాశాడు. బాబాయి నలభై రోజులు పట్నంలో జైల్లో ఉన్నాడు. ఆ నలభై రోజుల్లోనే మా నాయనమ్మ పోయింది. తల్లిని మట్టిలో దింపే వేళకు చిన్నకొడుకు లేడు.

అప్పట్నుంచి యేటికి ఆ గట్టున ఆయన, ఈ గట్టున మేము. బాబాయి మా గడప తొక్కలేదు. నాన్నతో ఒక్క మాట ఆడలేదు.

ఆ వేసవికి నాకు పద్దెనిమిదేళ్ళు. పట్నంలో చదువు ముగించి ఇంటికొచ్చి ఉన్నాను. ఆగస్టు వచ్చేసరికి ఊమ్లీల్ ముక్కలు ముక్కలైంది. ఇక్కడో మడుగు, అక్కడో మడుగు, మధ్యలో తెల్లటి రాళ్ళు. ఒక్కో మడుగూ ఎండుతూ ఎండుతూ చివరికి ఒక్కటే మిగిలింది. కోతులు నీళ్ళకు దిగే చోటని దాన్ని కోతుల మడుగు అనేవాళ్ళం. యేట్లో బతికున్న చేపలన్నీ అందులోనే ఉన్నాయి. యాభై ఉంటాయేమో. పైన కొండ మొదట్లో ఊట ఒకటి ఉంది. ఎంత కరువొచ్చినా అది ఎండదు. కానీ ఆ నీళ్ళు రెండు ఫర్లాంగులు పారి రాళ్ళ చీలికల్లోకి దిగిపోయేవి, మడుగుదాకా వచ్చేవి కావు. మధ్యలో నిట్టనిలువు బండ ఉండడంతో ఏ కాలంలోనూ చేప అక్కడికి ఎక్కలేదు.

నాన్న లెక్క తేలికైనదే. ఇక్కడి చేపల్ని అక్కడికి మొయ్యాలి. లేదంటే ఊమ్లీల్లో చుక్కల చేప అన్నదే ఉండదు, మళ్ళీ ఎన్ని వానలు పడినా.

ఒక పొద్దున బుట్ట పట్టుకుని మడుగులో దిగాడు. నేను గట్టున నిలబడ్డాను. ఆయన అడుగు పెట్టగానే బురద లేచింది. చేపలన్నీ బండకింద పొరల్లోకి దూరాయి. గంటసేపు దేవితే బుట్టలోకి రెండు కప్పలు, ఒక చెప్పూ వచ్చాయి. బురదకు ఊపిరాడక రెండు చేపలు తేలాయి. నాన్న వాటిని తీసి అరచేతిలో పెట్టుకుని గట్టెక్కాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "ఆఫీసుకు రాశానన్నావుగా?"

"రాశాను. తరలించడానికి అనుమతి కావాలని. మూడు వారాలైంది."

"చేపలకు చెప్పావా మరి, జవాబు వచ్చేదాకా ఆగమని?"

అమ్మ రొట్టె తుంచి ఆయన ముందు పెట్టింది.

"ఆ పని తెలిసిన చేతులు ఎక్కడున్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పేరు చెప్పను. చెబితే తినకుండా లేస్తావు."

పేరు చెప్పకపోయినా నాన్న తినకుండానే లేచాడు.

మర్నాడు తెల్లారి చూస్తే మేకుకు టోపీ లేదు. మా కొండల్లో ఒక ఆచారం ఉంది. ఒక మనిషి తన తలపాగా తీసి ఇంకొకడి గడప మీద పెట్టాడంటే, వాడు అడిగింది కాదనడానికి వీల్లేదు. కాదంటే ఆ కీడు కాదన్నవాడి ఇంటికే. నాన్నకు తలపాగా లేదు. ఉద్యోగంలో చేరిన రోజున తీసేశాడు. ఆయన తలమీద ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన టోపీ ఒక్కటే.

సూర్యుడు చెట్లపైకి రాకముందే బాబాయి మా వాకిట్లోకి వచ్చాడు. లోపలికి రాలేదు. జుట్టు సగం నెరిసింది. చేతిలో టోపీ.

"ఇజ్జా," అని నన్ను పిలిచాడు, "ఇదెవరిదో మా గడప మీద పడుంది. కుక్క లాక్కొచ్చిందేమో."

నాన్న నాకు రెండడుగుల దూరంలో మ్యూల్‌కి, అదే మా కంచరగాడిదకి, జీను బిగిస్తున్నాడు. "కుక్క కాదని చెప్పు" అన్నాడు, తల తిప్పకుండా.

"కుక్క కాదంట బాబాయ్."

"కుక్క కాకపోతే ఇంకా విచిత్రం. ఏం కావాలంట?"

"కోతుల మడుగులో చేపల్ని ప్రాణాలతో పట్టాలని చెప్పు."

"చేత్తో పట్టడం నేరం కాదా అని అడుగు."

"నేరమే అని చెప్పు."

"ఎవరి నేరమని అడుగు."

నాన్న తాడు ముడి వేసి నిటారుగా నిలబడ్డాడు. "నాది" అన్నాడు.

ఆ మాట నేను చేరవెయ్యలేదు. అవసరం లేకపోయింది. బాబాయి టోపీని జీను కొమ్ముకు తగిలించి యేటివైపు నడిచాడు. లోపల్నుంచి అమ్మ, "నీ నోటికి ఇక సెలవిచ్చారా?" అని నన్నడిగింది.

బాబాయి పని చేస్తుంటే చూడాలి. చొక్కా విప్పి గట్టున బోర్లా పడుకునేవాడు. ముందు రెండు చేతులూ నీళ్ళలో పెట్టి, చాలాసేపు ఊరికే ఉంచేవాడు.

"ఏం చేస్తున్నావ్ బాబాయ్?"

"చెయ్యి చల్లబరుస్తున్నా. మన వేడి దాని ఒంటికి నిప్పు తగిలినట్టుంటుంది. బొబ్బలెక్కి వారానికి చస్తుంది. మీ నాన్నకు అది తెలీదు, చేపల గార్డు కదా."

తర్వాత చెయ్యి బండకిందకి పోయేది. కళ్ళు మూసుకునేవాడు. "ఉందిక్కడ... తోక ఇటుంది... ఏయ్ ముసలిదానా, కాస్త జరుగు..." అంటూ గొణిగేవాడు. పొట్టకింద వేళ్ళు ఆడించి ఆడించి, ఏ తొందరా లేకుండా, పెళ్ళికూతుర్ని బయటికి నడిపించినట్టు చేపను తెచ్చేవాడు. నేను నీళ్ళు నింపిన తోలుతిత్తి మూతి తెరిచి పట్టుకునేదాన్ని. ఆ పొద్దు పదకొండు పట్టాడు. నీళ్ళు కదల్లేదు, బురద లేవలేదు.

తిత్తులు రెండు. కొత్త మేకతోలువి. వారం కిందట నేనే తయారు చేశాను. మా ఊళ్ళో కొత్త తిత్తికి లోపలంతా దేవదారు కట్టె కాల్చి తీసిన తారు పూయకుండా నీళ్ళు పోసే ఆడది ఉండదు. తారు పడితే తోలు కుళ్ళదు, నీళ్ళు కారవు, చల్లగా ఉంటాయి. ఆ వాసన లేకపోతే మా మగవాళ్ళకు తాగినట్టే ఉండదు. చేపలు ఎక్కబోయే తిత్తులు కదా, ఒక్క చుక్క కూడా కారకూడదని నేను రెండోసారి కూడా పూశాను. పట్నంలో చదివొచ్చినదాన్ని, ఆ మాత్రం ముందుచూపు ఉండొద్దా!

మ్యూల్ మీద వేసుకుని ఊట దగ్గరికి గంటన్నర ఎక్కాం. బాబాయి ముందు, మ్యూల్, నేను, వెనక నాన్న. ఊట కనపడగానే నేనే ముందు పరుగెత్తి తిత్తులు రెండూ దించి మూతులు విప్పాను. నీళ్ళతోపాటు చేపలు జారాయి.

పదకొండూ పొట్టలు పైకి పెట్టుకుని తేలాయి.

బతికున్నది ఒక్కటైనా అడుగున ఉండిపోయిందేమోనని రెండో తిత్తిని తల్లకిందులు చేసి దులిపాను. ఏమీ రాలేదు. బాబాయి వంగి తిత్తి మూతి దగ్గర ముక్కు పెట్టాడు.

"దీనికి తారు ఎవరు పూశారు?"

"నేనే."

"ఎన్నిసార్లు?"

"రెండు."

నాన్న నా పక్కకొచ్చాడు. "అందరం ఆ నీళ్ళే తాగుతున్నాం" అన్నాడు, ఎవరితోనో.

"మనం తాగుతామని చెప్పు మీ నాన్నకు. వాటికి అదే గాలి."

నాకు ఏడుపు ఆగలేదు. బాబాయి నా నెత్తిన తడిచెయ్యి పెట్టాడు. "ఊళ్ళో ఏ ఆడదాన్ని అడిగినా ఇట్లాగే పూసేది. నేనూ చూశాను పట్టేటప్పుడు, నాకూ తట్టలేదు. ఆ వాసనలో పుట్టాం, ముక్కుకు తెలీదు. లే."

ఆ చేపల్ని వండుకోవడానికి ఇంటికి తీసుకుపొమ్మని నాన్న బాబాయికి సైగ చేశాడు. బాబాయి తల అడ్డంగా ఊపాడు. ఊట పక్కన గుంట తీసి పూడ్చాం. "నా చేత్తో పట్టి తినకుండా వదిలినవి ఇవే" అన్నాడు బాబాయి.

సాయంత్రం అమ్మకు సంగతి చెప్పాను. అమ్మ తిట్టలేదు. లేచి వెళ్ళి, మూడు కర్రల మధ్య వేలాడుతున్న మజ్జిగ తిత్తిని విప్పింది. రోజూ పొద్దున ఊపి ఊపి వెన్న తీసే తిత్తి అది. తారు తగలనిది మా ఇంట్లో అదొక్కటే. నాయనమ్మ చేసినది. ఎన్నో ఏళ్ళ పాలు పీల్చి లోపల దంతంలా నున్నగా అయింది.

"చేపవాసన పట్టిందంటే మళ్ళీ అందులో పాలు పొయ్యలేం అమ్మా."

"తెలుసు. ఇసక వేసి కడుగు. బూడిద వెయ్యకు, మళ్ళీ అవి చస్తే నీ ఏడుపు నేను వినలేను."

మర్నాడు మడుగు దగ్గర బాబాయి ఆ తిత్తిని చూశాడు. తోలులో మేక కాలు ఉండే చోట నాయనమ్మ నీలిదారంతో వేసిన కుట్టు ఉంది. దాన్ని బొటనవేలితో నిమిరాడు. నాన్న అటు తిరిగి మ్యూల్‌కు లేని ఈగను తోలాడు.

ఆరోజు నుంచి రోజుకు ఆరేసి, ఏడేసి. అంతకంటే పెడితే ఇరుకైపోతాయి. సగం దారిలో మేకలు తాగే రాతితొట్టి దగ్గర ఆగి, సగం నీళ్ళు పారబోసి, కొత్తనీళ్ళు ఎత్తునుంచి నురగొచ్చేలా పొయ్యాలి. అది బాబాయి చెప్పిన పద్ధతి. ఊట దగ్గర మొదటి చేప తిత్తిలోంచి జారి, ఒక్క క్షణం నిలిచి, తోక విదిలించి రాతికిందకి దూరినప్పుడు నేను అరిచాను. "నోరు ముయ్యి, బెదిరిపోతుంది" అని బాబాయీ నాన్నా ఒక్కసారే కసిరారు. కసిరాక ఒకరినొకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు.

మడుగు రోజురోజుకీ తగ్గి దుప్పటంత, తర్వాత చాపంత అయింది. ఆరో రోజుకు ఏడు మిగిలాయి. నీళ్ళు వెచ్చబడ్డాయి. వాటికి ఇంకో రోజు లేదని తెలుస్తూనే ఉంది.

అప్పుడొచ్చింది నాన్న ఆఫీసు జీపు. దుమ్ము అణిగాక ఆఫీసరు దిగాడు. చిన్నవాడు, చొక్కా చెమటకు తడిసి వీపుకంటుకుంది. బాబాయి భుజందాకా నీళ్ళలో ఉన్నాడు. నాన్న పక్కన టోపీతో నిలబడి ఉన్నాడు. నేను తిత్తి పట్టుకుని, అమ్మ రొట్టెల మూటతో.

"ఏం జరుగుతోందిక్కడ? ఎవరితను?"

"ఒక్క నిమిషం సారూ," అన్నాడు బాబాయి, కళ్ళు మూసుకునే, "చేతిలో ఉంది."

చేపను తెచ్చి తిత్తిలో వదిలి, లేచి చేతులు దులుపుకున్నాడు. "దొంగతనం సారూ. ఈ గార్డు ఇప్పుడే వచ్చి పట్టుకున్నాడు. రాసుకోండి. మిమూన్. పాత పేరే, మీ దగ్గర ఎక్కడో ఉంటుంది."

"అబద్ధం" అన్నాడు నాన్న. "నేను పిలిపించాను. నేను పట్టించాను. నేను మోయించాను. అనుమతికి రాశాను, జవాబు రాలేదు. రాకుండానే చేశాను."

"సారూ, మా అన్న మాట పట్టించుకోకండి." బాబాయి ఆఫీసరుతో అంటూనే నాన్న మొహంలోకి చూశాడు. "మా అన్నకు చేప పట్టడం రాదు. బుట్టతో దిగి చెప్పు పట్టుకొచ్చాడు. ఆయన ప్యాంటు చూడండి, ఒక్క చుక్కన్నా తడిసిందా?"

నాన్న వంగి తన ప్యాంటు చూసుకున్నాడు. తల ఎత్తి బాబాయికేసి తిరిగాడు. "నా నేరం నాది రా, మిమూన్."

"పోయినసారి నా పేరు రాయడానికి నీకు క్షణం పట్టలేదే? ఇప్పుడేమొచ్చింది?"

"పోయినసారి చేసింది నువ్వు. ఈసారి చేసింది నేను."

"అబ్బో, న్యాయాధికారి! జైల్లో పేలు ఎట్లా ఉంటాయో తెలుసా నీకు? నీకు నిద్ర పట్టదు అక్కడ. నాకు అలవాటే."

"అలవాటైనవాడివని మళ్ళీ పంపిస్తానా?"

"పంపించినప్పుడు అడిగావా అలవాటుందా లేదా అని?"

ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నావైపు తిరిగాడు. "వీళ్ళెప్పుడూ ఇట్లాగే పోట్లాడుకుంటారా?"

"లేదు సార్," అన్నాను. "పదకొండేళ్ళకు ఇవాళే మొదలుపెట్టారు."

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు.

ఆఫీసరు కాగితం తీశాడు. నాన్న పేరు రాశాడు. రాసి, మడుగుకేసి చూశాడు. అందులో ఇంకా నాలుగైదు వీపులు నీళ్ళపైకే కనపడుతున్నాయి. "నా ఇంజను వేడెక్కింది," అన్నాడు. "జీపు దగ్గర కాసేపు నీడన కూర్చుంటాను. ఇటు చూడను." అట్లాగే వెళ్ళి మావైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

మిగిలినవి బాబాయి తీశాడు. చివరిదాని దగ్గర ఆగి, నాన్నను పిలిచాడు. "రా, దిగు. ఎట్లాగూ పేరు రాశారు, ఊరికే ఎందుకు పోవాలి?" నాన్న ప్యాంటు మడవకుండానే దిగాడు.

ఆ మధ్యాహ్నం ఊట నుంచి దిగి బాబాయి మా ఇంట్లో కూర్చున్నాడు. ఆయన గడప దాటేటప్పుడు అందరం చూడనట్టే ఉన్నాం. రొట్టె, ఆలివ్ నూనె, ఉల్లిపాయలు.

"వదినా, ఇంత ఎండలో పడొస్తే మజ్జిగ లేదా?"

"మజ్జిగ నీ చేపలు తాగేశాయి" అంది అమ్మ.

నెల తిరగకుండా నాన్న ఉద్యోగం పోయింది. టోపీ, బిళ్ళ ఒప్పజెప్పమన్నారు. పట్నందాకా తోడొస్తానని బాబాయి బయల్దేరాడు. దారంతా, "నీ తలకు అది ఎప్పుడూ అతకలేదు" అంటూనే ఉన్నాడట. నాన్నకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన పని అదొక్కటే. కొన్నాళ్ళు పొద్దున్నే లేచి, ఎక్కడికి పోవాలో తెలీక వాకిట్లో నిలబడేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి మేకలు పెట్టారు. చేపల్ని తరలించడానికి అనుమతి ఇస్తున్నామన్న కాగితం నవంబరులో వచ్చింది. అప్పటికి వానలు పడి ఊమ్లీల్ గట్లు ఒరుసుకుని పారుతోంది.

ఆ నవంబరులోనే ఒకరోజు, పొద్దు వాలుతున్నా ఇద్దరూ ఇల్లు చేరలేదు. మేకలు వాటంతటవే వచ్చేశాయి. అమ్మ తిడుతూ వేడి రొట్టెలు మూటగట్టి నన్ను పంపింది. సన్నగా తుంపర పడుతోంది. ఊటదాకా ఎక్కి చూస్తే, దిగువన బండమీద ఇద్దరూ పక్కపక్కన బోర్లా పడుకుని ఉన్నారు, తలలు మాత్రం అంచుకు చాపి. పైన కప్పుకున్న ఉన్నిదుప్పటి ఒక్కటే, ఇద్దరికీ కలిపి.

"నాన్నా—"

ఇద్దరూ తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపి, అరచెయ్యి నేలకేసి రెండుసార్లు ఆడించారు. ఒకేసారి. చూపుడువేలు కాస్త వంకరగా, ఒకే తీరులో. వాళ్ళ చేతులు అంత ఒకేలా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలీదు.

నేనూ పాకుతూ వెళ్ళి నాన్న పక్కన పడుకున్నాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున సన్నటి గులకరాళ్ళలో పెద్ద చేప ఒకటి పక్కకు ఒరిగి గుడ్ల కోసం తోకతో గుంట తవ్వుతోంది. తవ్వి ఆగుతోంది, మళ్ళీ తవ్వుతోంది. కొంచెం వెనక, మరొకటి దాని కోసం కాచుకుని ఉంది. తోక ఊపినప్పుడల్లా పసుపుపచ్చటి గులకలు మెరిసి పక్కకు దొర్లుతున్నాయి.

"రొట్టెలు చల్లారిపోతాయి" అన్నాను గుసగుసగా.

"పోనీ" అన్నాడు బాబాయి.